నీ కోసరమే అనకూడని ముద్ద

తొంభైల్లో నేను చిత్తూరులో ఒక బాలికల హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఏటా ఒక రోజు బోర్డు మీద "జైనులలో రెండు శాఖలు: శ్వేతాంబరులు, దిగంబరులు" అని రాసి, కింద గీత గీసి, రెండు మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుంది అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని. ఆరేళ్లు అలాగే వెళ్లిపోయాను. ఏడో ఏడు మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, రెండేనా? మా ఇంట్లోనే రెండుండాయి."

క్లాసంతా గొల్లుమంది. నాకు ముక్కు మీద కోపం. "ఏంటమ్మా మీ ఇంట్లో ఉండేది?" అన్నాను.

"దిగంబరులు కాకుండానే రెండు టీచర్. మా నాయనది ఒకటి, మా అమ్మది ఒకటి."

"కూర్చో. పరీక్షలో మాత్రం రెండే రాయి" అన్నాను.

బడిలో కూర్చోబెట్టడం సులభమే గానీ, ఆ పిల్ల మా ఇంటి ఓనరు కూతురు. సాయంత్రం మళ్లీ మెట్ల మీద ఎదురుపడుతుంది. ఇంట్లో "పప్పా" అని పిలిచే మనిషిని బడిలో "మా నాయన" అనేంతగా చిత్తూరులో కలిసిపోయిన మార్వాడీ పిల్ల. వాళ్ల తాత రాజస్థాన్ నుంచి వచ్చాడట. నాయనకు బజారులో స్టీలు సామాన్ల అంగడి. కింద వాళ్లు, పైన మేము, అంటే నేను, మా ఆయన, పూతలపట్టు దగ్గర పల్లె నుంచి వచ్చిన మా అత్త. ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు సేటు ఒకే షరతు పెట్టాడు. మాంసం, చేప, గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. మా ఆయన తల ఊపేసి, ఆదివారం ఆదివారం "కూరగాయలు తెస్తా" అని సంచీ పట్టుకుని మిలిటరీ హోటలుకు పోయి, తిని, వక్కాకు వేసుకుని, ఖాళీ సంచీతో వచ్చేవాడు. మా అత్తకు ఆ సౌకర్యం కూడా లేదు. "కోడి కుయ్యని ఇల్లు, కోడి ఉడకని ఇల్లు" అని గొణుగుతూనే సర్దుకుంది.

ఆ సాయంత్రం మెట్ల మీద ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. వాళ్ల నాయనది స్థానకవాసుల దారి. గుడి ఉండదు, విగ్రహం ఉండదు. ఆ దారిలో సన్యాసం తీసుకున్నవాళ్లు నోటికి తెల్లగుడ్డ కట్టుకుని, రెండు చెవులకూ దారం తగిలించుకుంటారు. మాట్లాడేటప్పుడు నోటి ఊపిరికి గాలిలోని ప్రాణులు చావకూడదని. తినేటప్పుడు తప్ప తీయరు. వాళ్ల అమ్మ పుట్టింటిది గుడికిపోయేవాళ్ల దారి. ఆ సన్యాసులు అదే గుడ్డను చేతిలో పట్టుకుని, మాట్లాడేటప్పుడు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంటారు. దండం పెడితే ఇటువాళ్లు "దయా పాలో" అంటారు, దయగా మసలుకో అని. అటువాళ్లు "ధర్మలాభ్" అంటారు. ఇవి రెండూ కాక తేరాపంథీలని ఇంకొకరు. వాళ్లూ గుడ్డ కడతారు గానీ పొడుగ్గా కడతారు, మొత్తం అందరికీ ఒక్కడే ఆచార్యుడు. దిగంబరులలో మళ్లీ వేరే చీలికలు. గుడివాళ్లలో గచ్ఛాలని కొన్ని, స్థానకవాసుల్లో సంప్రదాయాలని కొన్ని, ఒక్కోదానికీ ఎవరికి ఎవరు గురువన్న లెక్క.

"చాల్లే అమ్మణ్ణీ, నాకు తల తిరుగుతాంది" అన్నాను. నా రెండు మార్కుల ప్రశ్న కళ్లెదుటే మర్రి ఊడల్లా దిగిపోయింది.

ఒకే ఇంట్లో రెండు దారులంటే గొడవలుంటాయేమో అనుకున్నాను గానీ, సేటు, సేటమ్మ చక్కగా సర్దుకున్నారు. సేటమ్మ బీరువాలో చీరల వెనక తీర్థంకరుడి చిన్న బొమ్మ ఉండేది. సేటు అంగడికి పోగానే బీరువా తలుపు తెరుచుకునేది, పది నిమిషాలకు మూసుకునేది. పాతికేళ్లుగా ఆ బొమ్మ సంగతి సేటుకు తెలియదు. అంటే, తెలియనట్టు ఉన్నాడు.

ఆ పిల్లకు మా ఇల్లంటే ఇష్టం. మరీ చెప్పాలంటే మా ఇంటి సంగటి అంటే ఇష్టం. బడి లేని రోజున మధ్యాహ్నానికి టంచనుగా పైకొచ్చి మా అత్త పక్కన కూర్చునేది. రాగిసంగటి ముద్ద, చెనిక్కాయలతో నూరిన పచ్చడి, మా వైపు ఊరిమిండి అంటాం. మామూలుగా ఊరిమిండిలో వెల్లుల్లి వేసి నూరుతాం. జైనులు వెల్లుల్లి ముట్టరని ఆ పిల్ల కోసం మా అత్త వెల్లుల్లి మానేసి, ఉత్త ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి నూరేది. "వెల్లుల్లి లేంది కూడా ఊరిమిండేనా" అని తిట్టుకుంటూనే నూరేది. సేటమ్మ మెట్ల కింద నిలబడి ముక్కు మూసుకుని, "ఆ నల్లముద్ద ఎట్ల తింటావే, గోడలకి పూసేదా?" అనేది. ఆ పిల్ల నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వేది. నవ్వితే పైవరసలో ఒక పన్ను పక్కకు తిరిగి కనబడేది. ఆ పన్ను వల్లే నవ్వు బాగుండేది.

ఇంటర్ అయ్యాక ఆ పిల్ల సన్యాస దీక్ష తీసుకుంటానంది. ఒక ఏడాది ఇల్లంతా అల్లకల్లోలం. సేటు ముందు వద్దన్నాడు, తర్వాత గర్వపడ్డాడు. సేటమ్మ మాత్రం ఒక్కటే మాట పట్టుకుంది. దీక్షకు కాదు ఆమె అడ్డం. పిల్ల వాళ్ల నాయన దారిలో పోతోందని.

"పోయేదేదో మా పుట్టింటోళ్ల దాంట్లో పోవచ్చు గదా టీచరమ్మా. ఆ గుడ్డ చేతిలో ఉంటాది. నవ్వితే కనిపిస్తాది. దీంట్లో పోతే ఇంక నేను యాడ సూసేది దాని మొకం?"

శాస్త్రం గురించి వెయ్యేళ్లుగా వాదులాడుకున్నవాళ్లలో ఒక్కరికైనా ఈ పాయింటు తట్టి ఉంటుందా అనుకున్నాను. పిల్ల రాజస్థాన్ వెళ్లిపోయింది, అక్కడే దీక్ష అయింది. పేరు మారిపోయింది.

ఆమె వెళ్లిన కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం సేటమ్మ స్టీలు గిన్నె పట్టుకుని పైకొచ్చింది. మా అత్తతో, "పెద్దమ్మా, ఆ నల్లముద్ద ఒకటి ఇస్తారా?" అంది. తింది. మొదటి ముద్దకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంచెం గొంతులో అడ్డం పడి, కొంచెం ఎందుకో. మరుసటి రోజు మళ్లీ వచ్చింది. పది రోజులయ్యాక మా అత్త, "ఈడికి రావడమెందుకు, నేర్పిస్తా దా" అని కిందికి పోయి తెడ్డు పట్టించింది. సేటుకు మధ్యాహ్నం క్యారియరు అంగడికి పోయేది కాబట్టి ఇంట్లో ఆమె ఒక్కతే. ఒక్క మనిషికి ఒక్క ముద్ద. సేటుకు చెప్పొద్దంది. మార్వాడీ ఇంట్లో రెండో రహస్యం అది. మాకూ అలవాటైపోయి, తర్వాత దాని ఊసే మరిచిపోయాం.

అయిదేళ్లు గడిచాయి. ఒక రోజు సేటు పరుగులాంటి నడకతో అంగడి నుంచి వచ్చాడు. మద్రాసు నుంచి బెంగుళూరుకు నడిచిపోతున్న సాధ్వులు చిత్తూరులో మూడు రోజులు ఆగుతారట. వాళ్లలో మా పిల్ల ఉంది. ఆ రోడ్డు మీద తెల్లబట్టలవాళ్లు నడిచిపోవడం మాకు కొత్త కాదు. బస్సెక్కరు, చెప్పులేసుకోరు, వానాకాలం నాలుగు నెలలు ఒకచోట ఉండటానికి ఊరు చేరాలని నడుస్తూనే ఉంటారు. మా అత్త మొదటిసారి వాళ్లని చూసి, "నడిరోడ్డులో ఈ ఆపరేషన్ డాక్టరమ్మలెవరే?" అంది.

సేటమ్మ ఆ రోజు నా చేయి పట్టుకుని, "ఒక్క ముద్ద, టీచరమ్మా. నా ఇంట్లోంచి, నా చేత్తో ఒక్క ముద్ద అది తీసుకోని పోవాల. మళ్లీ ఈ పక్కకి ఎప్పుడొస్తాదో" అంది. అంతకన్నా ఏమీ అడగలేదు.

మొదటి రోజు పొద్దున మేమంతా బజారులో వాళ్లు దిగిన స్థానకానికి వెళ్లాం. గుడి కాదు, ఒక పెద్ద గది, అంతే. నలుగురు సాధ్వులు. అందరూ ఒకేలా ఉన్నారు, తెల్లచీరలు, నోటికి గుడ్డలు, పీకేసిన జుట్టు. కళ్లని బట్టి మా పిల్లని గుర్తుపట్టాను. సేటమ్మ కన్నకూతురి ముందు చేతులు జోడించి, మూడుసార్లు వంగి, "మహాసతీజీ" అంది. కూతురు చేయి ఎత్తి, "దయా పాలో" అంది.

నన్ను చూసి మాత్రం ఆ కళ్లు మారిపోయాయి. "ఇప్పటికీ రెండేనా టీచర్?"

"పుస్తకంలో ఎన్నుంటే అన్నే" అన్నాను. తెల్లగుడ్డ కొంచెం కదిలింది. నవ్విందనుకుంటా. నా పక్కన సేటమ్మ ఆ గుడ్డ వైపే చూస్తోంది.

మా అత్త ఊరుకునే మనిషి కాదు. పెద్ద సాధ్వి దగ్గరికి పోయి, "ఈ పాప మా సేటమ్మ కూతురమ్మా" అని పరిచయం చేసింది. మా పిల్లే హిందీలోకి మార్చి చెప్పింది. పెద్దావిడ మెత్తగా ఏదో అంది. పిల్ల దాన్ని తెలుగులో చెప్పింది, "ఇప్పుడు నేను ఈమె శిష్యురాల్ని, అవ్వా." ఈమె ఫలానా ఆమె శిష్యురాలు, ఆమె ఫలానా ఆమె శిష్యురాలు అని వెనక్కి, ఇంకా వెనక్కి, మా అయ్యోరు గోత్రప్రవర చెప్పినట్టు ఆగకుండా చెప్పుకుంటూ పోయింది. పదకొండో పేరు దగ్గర నేను లెక్క తప్పాను.

మా అత్త నోరెళ్లబెట్టింది. "అందురూ ఆడోళ్లేనే! మా అవ్వకి అమ్మ ఎవురో నాకే తెలీదు. మా ఇంట్లో మగోళ్ల పేర్లే రాసిపెట్టినారు."

నేనూ అదే అనుకుంటున్నాను. ఇన్నేళ్లు వంశవృక్షాలు బోర్డు మీద గీసినదాన్ని, ఒక్కదాంట్లోనూ ఆడవాళ్ల వరస గీయలేదు. సంతోషంగా పక్కకి తిరిగి చూస్తే సేటమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. అన్ని పేర్లలో ఆమె పేరు లేదు. ఆ సంతోషం అక్కడే ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం సేటమ్మ దాల్ బాటీ, చూర్మా, నాలుగు రకాల కూరలు చేసింది. ఇద్దరు సాధ్వులు చెక్కపాత్రలు జోలెలో పెట్టుకుని వచ్చారు, పెద్దావిడ, మా పిల్ల. వంటింట్లోకి ఒక చూపు చూశారు. పెద్దావిడ ఒక ప్రశ్న వేసింది, ఇంట్లో ఉండేది ఇద్దరు, ఇంత వంట ఎవరికి? సేటమ్మకు అబద్ధం రాదు. తల దించుకుంది. వాళ్లు ఏమీ తీసుకోకుండా వెళ్లిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. సేటు దగ్గరికి పోయి, "ఇదేం న్యాయమండీ?" అని అడిగేశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. వాళ్ల భిక్షకు గోచరి అని పేరు, ఆవు మేసినట్టు, ఇక్కడ నాలుగు పరకలు, అక్కడ నాలుగు పరకలు, ఏ దుబ్బూ వేళ్లతో సహా పెకిలి రాకుండా. ఇంటివాళ్లు తమకోసం వండుకున్నదాంట్లోంచి కొంచెం తీసుకుంటారు. తమకోసమని పొయ్యి వెలిగించినా, ఫ్యాను వేసినా, ఆ నిప్పుకూ గాలికీ చచ్చే ప్రాణుల పాపం తమదవుతుంది. కాబట్టి "మీ కోసమే చేశాం" అన్న తిండి వాళ్లకు పనికిరాదు.

నేను ఆలోచనలో పడ్డాను. మన ఇళ్లలో చుట్టం ముందు విస్తరి వేసి ఇంతకన్నా మంచి మాట ఏముంది? "నీ కోసరమే చేసినా, తిను" అంటేనే కదా తిన్నట్టు. ఆ మాటే ఇక్కడ తలుపు మూసేస్తోంది.

రెండో రోజు మా అత్త రంగంలోకి దిగింది. "సేటమ్మకి చేతగాల్యా. నేను సూస్కుంటా" అని పొద్దున్నే సంగటి కెలికి, వెల్లుల్లి లేని ఊరిమిండి నూరి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. నేను బడికి సెలవు పెట్టాను. మాంసం లేని ఇల్లు కాబట్టి మా గడపకు కూడా వాళ్లు రావచ్చని సేటు చెప్పాడు. సేటమ్మ మా ఇంట్లోనే తలుపు పక్కన నిలబడింది. పన్నెండు దాటాక మెట్ల మీద చప్పుడు లేని అడుగులు. మా అత్త చేతులు జోడించింది.

"దయా పాలో" అంది మా పిల్ల.

మా అత్త ఉలిక్కిపడింది. "పాలా? అయ్యో తల్లీ, సంగటి చేస్తినే! ఉండు ఉండు, పాలు కాస్తా!" అంటూ లోపలికి పరిగెత్తి, ఫ్రిజ్జులోంచి గిన్నె తీసి, స్టవ్వు భగ్గున వెలిగించింది. పోతూ పోతూ వాళ్లకు చెమట పడుతోందని ఫ్యాను స్విచ్చి కూడా వేసింది.

"అత్తా, పాలు కాదు! దీవెన అది!" అని అరిచాను.

"దీవించేదానికి పాలెందుకే?" అంది స్టవ్వు దగ్గర నుంచి. అంతటితో ఆగిందా, లేదు. వెనక్కి తిరిగి ప్రేమ పట్టలేక, "పాలు పొంగేలోపల సంగటి తిను అమ్మణ్ణీ, నీ కోసరమే చేసినా!" అంది.

పెద్దావిడకు తెలుగు రాకపోయినా స్టవ్వు భాష వచ్చు, ఫ్యాను భాష వచ్చు. ఇద్దరూ వెనక్కి తిరిగారు. తిరుగుతూ ఉంటే మా పిల్ల భుజాలు ఊగుతున్నాయి, తెల్లగుడ్డ ఉబ్బి, అణిగి, మళ్లీ ఉబ్బుతోంది. ఎంత బిగపట్టినా ఆగడం లేదు. సేటమ్మ మెట్ల దాకా వెళ్లి అది చూసి వచ్చింది.

"నవ్వింది టీచరమ్మా. లోపల నవ్వింది" అంది. తర్వాత కూర్చుని ఏడ్చింది. మా అత్త స్టవ్వు ఆపేసి, "నా నోరు పడిపోను" అని తనని తాను తిట్టుకుంటూ ఆమె పక్కన కూర్చుంది.

మూడో రోజు ఎవరికీ ఏ ఆశా లేదు. మర్నాడు తెల్లారుతూనే వాళ్లు పలమనేరు దారి పట్టేస్తారు. సేటు అంగడికి పోయాడు. మధ్యాహ్నం నేనూ మా అత్తా కిందికి దిగి, సేటమ్మ వంటింటి గడపలో కూర్చున్నాం, ఊరికే తోడుగా. ఆమె రోజూలాగే చిన్న గిన్నెలో సంగటి కెలుక్కుంది, ఊరిమిండి నూరుకుంది. పొయ్యి ఆపేసి, చేతులు తుడుచుకుని, కంచం తెచ్చుకుంది. ముద్ద ఇంకా గిన్నెలోనే ఉంది.

అప్పుడు వచ్చారు. మేం ముగ్గురం లేచి నిలబడ్డాం. మా అత్త రెండు చేతులతో తన నోరు మూసుకుంది.

మా పిల్ల వంటింట్లోకి చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు. గిన్నెలో ఒక ముద్ద, పక్కన రోట్లో ఊరిమిండి. ఆమె కాసేపు ఆ ముద్దనే చూసింది. పెద్దావిడ అడగమన్నట్టు తలాడించింది.

"ఇది ఎవురి కోసరం చేసినారు?" అంది మా పిల్ల, నియమం ప్రకారం.

"నా కోసరమే" అంది సేటమ్మ.

"మీరు సంగటి తినరు గదా." కళ్లు ముద్ద మీంచి వాళ్లమ్మ వైపు తిరిగాయి. "నువ్వు తినవు గదమ్మా."

"తింటా. నువ్వు పోయినప్పట్నించీ తింటాండా. రోజూ."

మా పిల్ల మా అత్త వైపు చూసింది. మా అత్త నోటి మీద చేతులు తీయకుండానే తల గట్టిగా ఊపింది. నేనూ ఊపాను. పెద్దావిడ హిందీలో అడిగితే పిల్ల చెప్పింది. పెద్దావిడ సేటమ్మ మొహంలోకి చాలాసేపు చూసి, సగం చాలు అన్నట్టు వేలితో గీత గీసి చూపించింది.

సేటమ్మ ముద్దను సరిగ్గా సగానికి కోసింది. ఒక సగం, దానిమీద ఇంత ఊరిమిండి, కూతురు చాపిన చెక్కపాత్రలో పెట్టింది. ఆ పాత్రను పిల్ల రెండు చేతులతో పట్టుకుంది. వాళ్ల వేళ్లు తగల్లేదు.

"దయా పాలో" అంది. ఈసారి మా అత్త కదల్లేదు.

వాళ్లు వెళ్లిపోయాక మా అత్త నోటి మీద చేతులు తీసి, "నువ్వు కూర్చో సేటమ్మా, ఇంకో ముద్ద కెలికిస్తా. ఆ సగం ఏం చాలతాది" అని గిన్నె అందుకోబోయింది.

"వద్దు పెద్దమ్మా. మళ్లీ కెలికితే ఇచ్చిందానికి బదులు చేసినట్టయితాది. అప్పుడు అది దాని కోసరం చేసినట్టే. ఈ సగమే నాకు."

కంచంలో సగం ముద్ద పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. వెంటనే తినలేదు. గోడ గడియారం వైపు చూస్తూ ఏదో లెక్కేసుకుంటోంది. ఇక్కడి నుంచి స్థానకానికి పది నిమిషాల నడక. సాధ్వులు ఇంటివాళ్ల ఎదుట తినరు, లోపలికి పోయి తలుపు వేసుకుని తింటారు. పది నిమిషాలు దాటి, ఇంకో అయిదు అయ్యాక ఒక తుంచు తుంచి ఊరిమిండిలో అద్దింది.

"ఇప్పుడు ఆ గుడ్డ తీసుంటాది" అని, నోట్లో పెట్టుకుంది.